ఆర్వీకి "400 వాట్ల సోలార్ ప్యాకేజీ" కొంటున్నారా? సంతకం పెట్టేముందు ఇది చదవండి

అమెరికాలో ట్రావెల్ ట్రైలర్ (పికప్ వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు, ఆర్వీల్లో ఒక రకం) కొందామనుకుంటున్న మన తెలుగువాళ్లకి ఈ హెచ్చరిక. ముఖ్యంగా ఇండియా నుంచి అమ్మానాన్నల్ని పిలిపించి నేషనల్ పార్కులు చూపిద్దామనుకునేవాళ్లు దయచేసి పూర్తిగా చదవండి.

మేముండేది డాలస్. 21 అడుగుల సెకండ్ హ్యాండ్ ట్రైలర్ కొని, అదే డీలర్ దగ్గర ఇంకో 4,800 డాలర్లు కట్టి సోలార్ పెట్టించాను. "400 వాట్ల ప్యానెళ్లు, 2,000 వాట్ల ఇన్వర్టర్. హుకప్ లేకుండా వారం రోజులు హాయిగా ఉండొచ్చు" అన్నాడు అమ్మినతను. హుకప్ అంటే క్యాంప్‌గ్రౌండ్‌లో ట్రైలర్‌కి ఇచ్చే కరెంటు, నీళ్ల కనెక్షన్. నాన్నకి స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు) ఉంది, మాస్క్‌లోంచి గాలి పంపే సీప్యాప్ మిషన్ రాత్రంతా నడవాలి. ఆ మాట అతనికి ఒకటికి రెండుసార్లు చెప్పాను. ఏం పర్లేదన్నాడు.

డిసెంబర్ సెలవుల్లో టెక్సస్‌లోనే ఉన్న బిగ్ బెండ్ నేషనల్ పార్కుకి వెళ్లి కాటన్‌వుడ్ క్యాంప్‌గ్రౌండ్‌లో దిగాం. అక్కడ హుకప్‌లు ఉండవు, జనరేటర్ అసలు వేయనివ్వరు. రెండో రాత్రి మూడు దాటాక ఇన్వర్టర్ కీచుమంటూ అరిచింది. కాసేపటికి అరుపూ ఆగింది, మిషన్ గాలి చప్పుడూ ఆగింది. "ఒరేయ్, లేవరా! నాన్న మిషన్ ఆగిపోయింది" అని అమ్మ నన్ను తట్టి లేపింది. నాన్న మాస్క్ చేత్తో పట్టుకుని, మంచం మీద గోడకి ఆనుకుని కూర్చున్నారు. ట్రైలర్‌ని వెచ్చగా ఉంచే ఫర్నేస్ గ్యాస్‌తోనే మండుతుంది గానీ దాని ఫ్యాన్ తిరగడానికి బ్యాటరీ కావాలి, అదీ ఆగిపోయింది. తెల్లారేదాకా ఆయన్ని పికప్‌లో హీటర్ వేసి కూర్చోబెట్టాను. ఆయనకి 71 ఏళ్లు. ఆ రాత్రి తలుచుకుంటే ఇప్పటికీ నాకు కోపం ఆగదు.

సాయంత్రం చూసినప్పుడు బ్యాటరీ ఎంతుందో చూపే గోడ మీది నాలుగు లైట్లూ వెలుగుతూనే ఉన్నాయి. అవి చూసే ధైర్యంగా పడుకున్నాం. ఆ లైట్లు చూపించేది వోల్టేజీ మాత్రమే. ఎండలో ఛార్జ్ అవుతుండగా చూస్తే సగం ఖాళీ అయిన బ్యాటరీ కూడా ఫుల్ అనే చూపిస్తుంది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం, మబ్బు లేని ఆకాశం. ప్యానెళ్ల కరెంటుని బ్యాటరీకి పంపే కంట్రోలర్ మీద 13.1 వోల్టులు, 9 ఆంప్స్ అని ఉంది. లెక్కేస్తే 118 వాట్లు. నేను డబ్బు కట్టింది 400కి. పైకెక్కి చూస్తే రెండు 200 వాట్ల ప్యానెళ్లలో ఒకదాని మీద ఏసీ బాక్స్ నీడ అడ్డంగా పడుతోంది. ఒక మూల మీద నీడ పడినా ప్యానెల్ ఉత్పత్తి బాగా పడిపోతుంది. పైగా డిసెంబర్‌లో అక్కడ మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 37 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు కాబట్టి, పైకప్పు మీద పడుకోబెట్టిన ప్యానెల్‌కి అందేది ఏటవాలు ఎండే.

కంట్రోలర్ మీద ఎంపీపీటీ (ప్యానెల్ ఇచ్చే శక్తిని దాదాపు పూర్తిగా వాడుకునే రకం) అని స్టిక్కర్ ఉంది. ఇంటికొచ్చాక తెలిసినవాళ్లతో విప్పించి చూస్తే లోపలున్నది పీడబ్ల్యూఎం అనే మామూలు రకం. ఇది ప్యానెల్‌ని బ్యాటరీ వోల్టేజీకి కిందికి లాగేస్తుంది. 18 వోల్టుల దగ్గర 100 వాట్లిచ్చే ప్యానెల్ నుంచి దీనితో వచ్చేది 70, 75 వాట్లే. మిగతాది వృథా.

అసలు దెబ్బ మాత్రం బ్యాటరీల దగ్గర. రెండు 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీలో ఎంత కరెంటు నిల్వ ఉంటుందో చెప్పే కొలత) ఏజీఎం బ్యాటరీలు పెట్టారు. లెడ్ యాసిడ్ రకం కాబట్టి, పాడవకుండా ఉండాలంటే సగమే వాడాలి. అంటే చేతికి దక్కేది 100 ఏహెచ్. మా రోజు ఖర్చు ఏహెచ్‌లలో చూడండి. పన్నెండు వోల్టుల ఫ్రిజ్ 60, చలిరాత్రి ఫర్నేస్ ఫ్యాన్ 40, సీప్యాప్ 25, మధ్యాహ్నం రైస్ కుక్కర్ ఒక్కసారి పెడితే 25. లైట్లు, నీళ్ల పంపు, ఫోన్లు కలిపి 10. ఏమీ నడపకపోయినా ఆన్‌లో ఉన్నందుకే ఇన్వర్టర్ రోజుకి 40 తినేస్తుంది, ఇది నాకెవరూ చెప్పలేదు. మొత్తం 200. ఎండ నుంచి వచ్చేది 50. మొదటి రాత్రి గట్టెక్కడమే ఎక్కువ!

మన ఊళ్లో ఇంటి ఇన్వర్టర్‌కి బ్యాటరీ కొనేటప్పుడు మొదట అడిగేది ఎన్ని ఏహెచ్ అనే కదా. ఇక్కడ వాట్ల అంకె చూపించి ఆ ప్రశ్న అడగనివ్వకుండా చేస్తారు. నా బిల్లు మీద "400 వాట్ల సోలార్ ప్యాకేజీ" అని ఒక్క లైనే ఉంది. బ్యాటరీ ఏ రకమో, ఎంతో, కంట్రోలర్ మోడల్ ఏమిటో ఎక్కడా లేదు. ఫోన్ చేస్తే ఎండ సరిగ్గా లేదేమో అన్నారు. కాగితం మీద లేని దానికి గట్టిగా అడగలేకపోయాను. మీరు మాత్రం ప్రతి వస్తువు మోడల్ నంబరూ, బ్యాటరీ రకం, ఏహెచ్, కేబుల్ మందంతో సహా విడివిడిగా రాయించుకోండి. కేబుల్ సంగతి చిన్నది కాదు. 2,000 వాట్ల ఇన్వర్టర్ పూర్తిగా లాగితే పన్నెండు వోల్టుల దగ్గర 170 ఆంప్స్ పైనే పారుతుంది. మా దాంట్లో సన్న కేబుల్ వేశారు, కుక్కర్ పెట్టినప్పుడు ముట్టుకుంటే చెయ్యి కాలేంత వేడెక్కింది. "సోలార్ రెడీ" అని రాసి ఉన్న ట్రైలర్లలో చాలావాటికి వైరు, సాకెట్ తప్ప ఇంకేమీ ఉండదు, అదీ చూసుకోండి. ఈ ప్యాకేజీతో రాత్రి ఏసీ కూడా నడుస్తుందంటే అక్కణ్నుంచి లేచి వచ్చేయండి. 13,500 బీటీయూ ఏసీ గంటకి 100 ఏహెచ్ పైనే తాగుతుంది.

ఇప్పుడు 300 ఏహెచ్ లిథియం పెట్టించాను. సున్నా డిగ్రీల కింద ఛార్జింగ్ దానంతటదే ఆపుకునే రకమే తీసుకోండి, లేకపోతే చలిలో సెల్స్ పాడవుతాయి. బయటి కరెంటుకి ప్లగ్ పెట్టినప్పుడు బ్యాటరీని ఛార్జ్ చేసే పాత కన్వర్టర్ లిథియంని పూర్తిగా నింపదు, అదీ మార్చాలి. వచ్చే పోయే కరెంటుని లెక్కపెట్టే షంట్ మీటర్ తప్పకుండా పెట్టించుకోండి. నాన్న మిషన్‌కి నేరుగా బ్యాటరీ నుంచి కరెంటు తీసుకునే డీసీ అడాప్టర్ కొన్నాను, ఇన్వర్టర్ ఆపేసినా నడుస్తుంది. అన్నం గ్యాస్ మీదే వండుతున్నాం.

డెలివరీ తీసుకునేముందు డీలర్ లాట్‌లోనే ప్లగ్ పీకేయించి ఒక రాత్రి ఉంచమనండి. ఫ్రిజ్, ఫర్నేస్ ఆన్‌లో పెట్టి, సీప్యాప్ లాంటిది ఏదైనా ఉంటే అదీ తగిలించి, తెల్లారాక ఎన్ని ఏహెచ్ మిగిలిందో మీరే చూడండి. దానికి ఒప్పుకోకపోతే సోలార్‌కి డిపాజిట్ కట్టకండి.