భయాన్ని చూపి అమ్మే నీటిశుద్ధి యంత్రం

విశాఖ ఎంవీపీ కాలనీలోని మా అపార్ట్‌మెంట్‌లో ఒక సంస్థ ప్రతినిధి ఆర్‌ఓ యంత్రం (సన్నని పొర గుండా నీటిని నెట్టి లవణాలను వడకట్టేది) అమ్మకానికి ఇచ్చిన ప్రదర్శన గురించి ఈ సమీక్ష. కుళాయి నీటిలో రెండు లోహపు కడ్డీలు ముంచి కరెంటు పెట్టగానే నీరు తుప్పురంగుకు తిరిగి మడ్డి పేరుకుంది. యంత్రం నీరు మాత్రం తేటగానే ఉంది. పసిపిల్లల తల్లులు బెదిరిపోయారు. నిజానికి ఆ రంగు మురికిది కాదు, కరెంటుకు కరిగే ఇనుప కడ్డీది. లవణాలు తక్కువైన ఆర్‌ఓ నీటిలో కరెంటు అంతగా పారదు కనుక రంగు రాదు.

యంత్రం పనితనం బాగానే ఉంది. అయితే కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటని నీటికి ఆర్‌ఓ సాధారణంగా అవసరం లేదు, పైగా అది చాలా నీటిని వృథాగా వదిలేస్తుంది. ఈ లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు క్రిముల సంగతి చెప్పనే చెప్పదు.

నన్ను ఎక్కువగా బాధించింది ఆ తరువాత జరిగిన అపార్ట్‌మెంట్ సంఘం సమావేశం. సంపు ఎప్పుడు కడిగించాలి, నీటి పరీక్ష కోసం నగరపాలక సంస్థ జీవీఎంసీకి అర్జీ పెట్టాలా అన్న చర్చకు తావే లేకుండా, అందరూ ఏ యంత్రానికి వాయిదాలు తక్కువో మాట్లాడుకున్నారు. బిడ్డల ఆరోగ్యంపై భయం న్యాయమైనదే. దాన్ని ఆసరా చేసుకుని అమ్మడం అన్యాయం. కొనేముందు నీటిని ప్రయోగశాలలో పరీక్ష చేయించుకోండి, కడ్డీల ప్రదర్శన ఇస్తామంటే వద్దనండి.