ఖాళీ స్థలాల పౌర సలహా సంఘం: నామినేషన్, కాలనీల ప్రాతినిధ్యం, చీటీ – ఏది మేలు?

నగరంలోని ఖాళీ స్థలాల (పార్కులు, ఆటస్థలాల వంటి అందరి స్థలాల) ప్రణాళికకు పౌరులతో ఒక సలహా సంఘం వేయాలన్న మాట వచ్చిన ప్రతిసారీ తెలిసినవారు నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే. సభ్యులను కార్పొరేటరో, ఎమ్మెల్యేనో నామినేట్ చేస్తే మేలా, కాలనీ సంక్షేమ సంఘాలు తమ ప్రతినిధులను పంపితే మేలా, లేక దరఖాస్తులు పిలిచి వాటిలోంచి చీటీ తీస్తే మేలా? గత ఏడాది మా సర్కిల్‌లో (కొన్ని వార్డులు కలిసిన నగరపాలక విభాగంలో) ఇలాంటి సంఘం ఒకటి అనధికారికంగా ఏర్పడినప్పుడు, మా కాలనీ కార్యవర్గ సభ్యుడిగా నేను రెండో పద్ధతికి చేయెత్తాను, ఆ లెక్కన సంఘంలో సభ్యుణ్ణి కూడా అయ్యాను. ఆ చేయి ఎత్తకుండా ఉండవలసిందని ఇప్పుడు అనుకుంటున్నాను.

సంఘం వల్ల ఉపయోగం ఉందా లేదా అన్న చర్చలోకి నేను వెళ్లడం లేదు. మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న నగరాలలో వార్డు కమిటీలు ఉండాలని 74వ రాజ్యాంగ సవరణ 1993 నుంచే చెబుతోంది, వాటి కూర్పు ఎలా ఉండాలన్నది మాత్రం రాష్ట్ర శాసనసభలకు వదిలేసింది. తెలంగాణ 2019 నాటి పురపాలక చట్టంలో ప్రతి వార్డుకూ యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరుల పేరిట నాలుగేసి కమిటీలు, ఒక్కోదానిలో 15 మంది సభ్యులు అని రాసుకుంది. అంటే పౌరులను పిలవాలా అన్నది తేలిపోయిన విషయమే, ఎవరిని, ఎవరు పిలవాలన్నదే మిగిలింది.

నామినేషన్ పద్ధతికి ఉన్న గుణాన్ని ముందుగా ఒప్పుకోవాలి. పని తొందరగా అవుతుంది. పేర్లు వారంలో ఖరారవుతాయి, సభ్యులకు కార్యాలయంలో నలుగురూ తెలిసి ఉంటారు, ఫైలు ఏ టేబుల్ మీద ఆగిందో ఫోన్ చేసి కనుక్కోగలరు. ఇచ్చిన సలహాను అమలు చేయించుకునే పలుకుబడి కూడా వారికే ఎక్కువ. చిక్కంతా పార్కు కోసం వదిలిన స్థలాన్ని ఇంకో పనికి ఇవ్వాలన్న ప్రతిపాదన పైనుంచి వచ్చినప్పుడు మొదలవుతుంది. బెంగళూరు రాజ్‌మహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు ఇవ్వాలని 1976లో ప్రభుత్వ ఆదేశం వచ్చింది. అది చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ పదిహేనేళ్ల మధ్య కోర్టు మెట్లెక్కి నిలబడినవారు చుట్టుపక్కల ఇళ్లవారే. అప్పట్లో అక్కడ నామినేటెడ్ సలహా సంఘం ఒకటి ఉండి ఉంటే ఏం జరిగేదో ఊహించడం కష్టమేమీ కాదు. కుర్చీ ఇచ్చిన చేయి ఏ కాగితం మీద సంతకం పెట్టిందో, దానికి అడ్డం చెప్పే సలహా ఆ కుర్చీలోంచి రాదు. మనుషులు చెడ్డవారై కాదు, మరుసటి జాబితాలో తమ పేరు ఉండకపోవచ్చునన్న సంగతి అందరికీ తెలుసు కాబట్టి.

కాలనీల ప్రాతినిధ్యం ఈ లోపాన్ని సరిదిద్దుతుందని నమ్మే నేను ఓటు వేశాను. సంక్షేమ సంఘాలు ఏటా సమావేశమవుతాయి, లెక్కలు చూపుతాయి, లేఅవుట్ ప్లాను కాపీ బీరువాలో దాచుకుంటాయి. ఫలానా స్థలం పార్కుదని రుజువు చేయవలసి వచ్చినప్పుడు గిఫ్ట్ డీడ్ (స్థలాన్ని స్థానిక సంస్థకు రాసిచ్చిన దస్తావేజు) నంబరు చెప్పగలిగేది చాలాచోట్ల ఆ సంఘం కార్యదర్శి ఒక్కరే. కబ్జాలను మొదట కనిపెట్టేదీ వారే. ఇంత ఉన్నా మా సంఘం రెండో సమావేశంలో జరిగినది చూశాక నా నమ్మకం సడలింది.

టౌన్ ప్లానింగ్ వారు సర్కిల్ మొత్తం మ్యాపును బల్ల మీద పరిచారు. ఖాళీ స్థలాలు ఆకుపచ్చ గీతలతో ఉన్నాయి. ఆ ఏడాది ఉన్న డబ్బుతో మూడు చోట్ల పని చేయవచ్చునని, ఎక్కడెక్కడో సూచించమని అడిగారు. పద్నాలుగు మందిమి పద్నాలుగు వేళ్లు పెట్టాం, ప్రతి వేలూ సొంత కాలనీ మీదే ఆగింది. నాదీ అంతే, మా పార్కులో నడకదారి టైల్స్ లేచిపోయాయి మరి. నాలాకూ రైలు పట్టాలకూ నడుమ మ్యాపులో అరచేయంత మేర ఒక్క ఆకుపచ్చ గీత కూడా లేదు, అక్కడికి ఎవరి వేలూ పోలేదు. టీ కప్పులు తీయడానికి వచ్చిన అటెండర్ ఆ భాగాన్నే చూస్తూ, "మా బస్తీ ఇదే సార్, మా పిల్లలు శ్మశానం గోడ పక్కన ఆడుకుంటారు," అన్నాడు. ఒకరిద్దరు తలూపారు. సాయంత్రం మినిట్స్ పుస్తకం నా చేతికి వచ్చినప్పుడు వెతికితే ఆ మాట లేదు. అతను సభ్యుడు కాదు గదా, సభ్యులు అన్నదే రాస్తారు.

ఆ రోజు నుంచి ఆలోచిస్తే ఇది మా పద్నాలుగు మంది స్వార్థానికి మించిన విషయమని తోచింది. లేఅవుట్ వేసేటప్పుడు మొత్తం విస్తీర్ణంలో 10 శాతం ఖాళీ స్థలంగా వదిలి స్థానిక సంస్థకు రాసివ్వాలన్నది నియమం. లేఅవుట్ ఉన్నచోట పార్కు ఉంటుంది, పార్కు ఉన్నచోట దాన్ని చూసుకునే సంఘం పుడుతుంది. బస్తీకి లేఅవుటే లేదు కనుక ఆ 10 శాతమూ లేదు, సంఘమూ లేదు, కాబట్టి ప్రతినిధీ లేడు. ఖాళీ స్థలం ఎవరికి అన్నిటికన్నా తక్కువో వారినే తప్పించే జల్లెడను మనమే చేతులారా తయారుచేసుకున్నట్టు అయింది. ఖాళీ స్థలం వదలని లేఅవుట్లలోని ప్లాట్లను క్రమబద్ధీకరించేటప్పుడు ఆ వదలని స్థలానికి బదులుగా ప్లాటు విలువలో 14 శాతం వసూలు చేస్తారు. పార్కు లేనిచోట స్థలం సమకూర్చడానికి ఖర్చుపెట్టవలసిన ఆ డబ్బు గురించి మా సమావేశాలలో ఒక్కసారి కూడా ప్రస్తావన రాలేదంటే అందులో వింతేమీ లేదు, అక్కడ కూర్చున్నవారందరికీ పార్కులున్నాయి. మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల ఖాళీ స్థలం ఉండాలని 2014 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి. సర్కిల్ సగటు తీసి అంకె చూపిస్తే కాలనీలూ బస్తీలూ కలిసిపోయి సంగతి కనబడకుండా పోతుంది.

మూడోది దరఖాస్తులు పిలిచి చీటీ తీయడం. ఇది మన దేశానికి కొత్తేమీ కాదు. తమిళనాడులోని ఉత్తరమేరూరు శాసనాలు 919, 921 సంవత్సరాల నాటివి. ఊరిని 30 భాగాలు చేసి, ఒక్కో భాగంలో అర్హుల పేర్లు తాటాకు ముక్కల మీద రాసి, కుండలో వేసి, చిన్న పిల్లవాడి చేత తీయించి, చెరువు కమిటీకీ తోటల కమిటీకీ సభ్యులను ఎంచుకున్న తీరు వాటిలో వివరంగా ఉంది. లెక్కలు అప్పచెప్పనివారికీ వారి బంధువులకూ మళ్లీ అర్హత లేదు. సొంత భూమి, వేద విద్య ఉన్నవారికే ఆ కుండలో చోటు దక్కిందన్నది కూడా మరవకూడదు, చీటీ దానంతటదే న్యాయం చేయదు, కుండలో ఎవరి పేర్లు వేశామన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. వార్డును కాలనీలు, బస్తీలు, అపార్టుమెంట్లు, తోపుడు బండ్లవారు అని విడదీసి, విడివిడిగా చీటీలు తీస్తే ఆ అటెండర్ పేరు మినిట్స్‌లోకి వచ్చే దారి ఒకటి ఏర్పడుతుంది. ఇందులో కష్టాలు రెండు. చీటీలో వచ్చిన మనిషికి ఫైలు భాష రాదు, మొదటి ఆరు నెలలు అధికారులు చెప్పిందే వినవలసి వస్తుంది. రోజు కూలి మీద బతికేవారు పనిరోజు మధ్యాహ్నం మూడింటికి పెట్టిన సమావేశానికి రాలేరు. సమావేశ భత్యం లేకుండా బస్తీవారిని పిలవడం పేరుకే పిలవడం.

ఆన్‌లైన్ సర్వే పెట్టి ఎక్కువ ఓట్లు వచ్చిన పార్కును బాగుచేస్తే చాలదా అని కొందరు అడుగుతారు. ఓట్లు ఎక్కడినుంచి వస్తాయో చెప్పనక్కరలేదు. కన్సల్టెంటుకు అప్పగించడం మరో దారి, అది నివేదికకు పనికొస్తుంది, సంఘానికి బదులు కాదు.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే అంశం. ఎవరు కూర్చోబెట్టారన్న ప్రశ్నతో పాటే, ఎవరు లేపగలరన్నదీ అడగాలి. నిజానికి రెండోదే పెద్ద ప్రశ్న. హైదరాబాదులో దీనికి మనం చూసిన ఉదాహరణే ఉంది. 1995లో హుడా (హైదరాబాదు నగరాభివృద్ధి సంస్థ) నిబంధనలలో 13వ నిబంధన కింద వారసత్వ పరిరక్షణ కమిటీ ఒకటి ఏర్పడింది. వారసత్వ జాబితాలోని కట్టడాల జోలికి పోయేముందు, తరవాతి కాలంలో జాబితాకెక్కిన రాతి గుట్టల జోలికి పోయేముందు కూడా, ఆ కమిటీని సంప్రదించవలసి ఉండేది. ఇరవై ఏళ్లు నడిచిన ఆ ఏర్పాటు 2015 డిసెంబరులో ఒక ఉత్తర్వుతో పోయింది. సభ్యులు ఎంత నిపుణులైనా, జీవోతో వచ్చిన కుర్చీ జీవోతోనే పోతుంది.

దీనికి ఎదురుగా అమెరికాలో కొలరాడో రాష్ట్రపు బౌల్డర్ నగరాన్ని పెట్టి చూడండి. అక్కడి పౌరులు 1967లోనే ఖాళీ స్థలాల కొనుగోలుకు అమ్మకపు పన్నులో 0.4 శాతం అదనంగా వేసుకోవడానికి ఓటేశారు. ఇవాళ నగరం చేతిలో అలాంటి భూమి 45 వేల ఎకరాలకు పైగా ఉంది. దాని మీద సలహా ఇచ్చే బోర్డులో ఉండేది అయిదుగురే. వారిని నియమించేది నగర కౌన్సిలే, అంటే ఒక లెక్కన అదీ నామినేషనే. కాని ఒక్కొక్కరి పదవీకాలం అయిదేళ్లు, ఏడాదికి ఒక్క కుర్చీ మాత్రమే ఖాళీ అవుతుంది, అందువల్ల ఏ ఒక్క కౌన్సిలూ ఒక్క విడతలో బోర్డును తనవారితో నింపలేదు. పైగా బోర్డు ఉనికి నగర చార్టర్‌లో (నగర పాలనకు మూలమైన నియమావళిలో) ఉంది, చార్టర్ మార్చాలంటే జనం ఓటు కావాలి. ఖాళీ స్థలాన్ని అమ్మాలన్నా, వేరే పనికి ఇవ్వాలన్నా ఆ అయిదుగురిలో కనీసం ముగ్గురి ఆమోదం తప్పనిసరి. మిగతా విషయాలలో సలహా సంఘమే, ఈ ఒక్క విషయంలో మాత్రం దాని కాదనుమాటకు బలముంది. బౌల్డర్ చిన్న ఊరు, డబ్బున్న ఊరు, దాన్ని తెచ్చి మన నాలా పక్కన అతికించలేమని నాకూ తెలుసు. అయినా విడతలవారీ పదవీకాలం అనే ఏర్పాటుకు పైసా ఖర్చు లేదు.

నా మొగ్గు ఎటో ఈపాటికి తెలిసే ఉంటుంది. వర్గాలవారీగా చీటీ తీసి, కాలనీ సంఘాలకు మూడో వంతుకు మించకుండా చోటిచ్చి, పదవీకాలాన్ని మూడేళ్లు చేసి, ఏటా మూడో వంతు సభ్యులు దిగిపోయేలా పెట్టి, పార్కు స్థలం మార్పిడి ఫైలు సంఘం రాతపూర్వక అభిప్రాయం జతపడకుండా కౌన్సిల్‌కు వెళ్లకూడదని కౌన్సిల్ తీర్మానంలోనే రాయించుకుంటే, నామినేషన్‌లోని వేగం కొంత పోయినా ఫరవాలేదు. తీర్మానాన్ని మరో తీర్మానం కొట్టేయగలదు, నిజమే. కాని దానికి సమావేశం పెట్టాలి, పేర్లు నమోదవ్వాలి, ఎవరు చేయెత్తారో పత్రికలవారు చూడాలి.

ఈ మేరకు ఒక పేజీ ప్రతిపాదన రాసి మా సర్కిల్ కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకున్నాను. మొదటి ఏడాది దిగిపోయే మూడో వంతులో ప్రస్తుత కాలనీ ప్రతినిధులు ఉండాలన్నది అందులో నాలుగో అంశం. సంతకాల కోసం కాగితం తిప్పినప్పుడు మిగతా పదమూడు మందిలో అయిదుగురు పెట్టారు, ఇద్దరు ఆలోచించి చెబుతామన్నారు, తక్కినవారు టైల్స్ పని అయ్యాక చూద్దామన్నారు.