ఇక్కత్‌లో పాకిన రంగు కోసం ఫోన్‌లో రా ఫోటోలు: మూడేళ్ల తర్వాత

"అన్నా, ఇది ప్రింటెడ్ చీరా?"

మూడేళ్ల కింద ఒక కస్టమర్ వాట్సాప్‌లో ఇలా అడిగింది. ఆ చీర పోచంపల్లిలో మా మేనమామ మగ్గం మీద నేసింది. పడుగు పోగులూ పేక పోగులూ విడివిడిగా కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి నేసిన డబుల్ ఇక్కత్. ఆమెది తప్పని అనలేను. నేను పంపిన ఫోటో మళ్లీ తెరిచి చూస్తే నాకూ ప్రింట్‌లాగే కనిపించింది.

ఇక్కత్ తెలిసినవాళ్ల చూపు ముందు పడేది రంగు పాకిన చోటు మీదే. కట్టు కట్టిన దగ్గర రంగు కొద్దిగా లోపలికి ఊరుతుంది. నేసేటప్పుడు పోగులు వెంట్రుకవాసి అటూ ఇటూ జరుగుతాయి. అందుకే పువ్వు చుట్టూ స్కేలు పెట్టి గీసినట్టు గీత ఉండదు, సన్నగా చీలి పక్క రంగులోకి పాకుతుంది. ప్రింట్ చీరలో అది ఉండదు. ఫోన్ మాత్రం ఆ పాకిన రంగును మరకగా లెక్కేసి నున్నగా తుడుస్తుంది, ఆ పైన గీతను పదును చేస్తుంది. నెలల కష్టం మీద ఒక్క క్షణంలో ఇస్త్రీ పెట్టినట్టు అవుతుంది. ఇది తెలిశాక నాకు చాలా బాధేసింది. మగ్గం నేతకు గుర్తు ఏదో, సరిగ్గా దాన్నే ఫోన్ చెరిపేస్తోంది.

దీనికి మందు రా ఫోటో. వెలుగును పట్టే కెమెరా సెన్సర్‌కు అందినదాన్ని, ఫోన్ తుడవకముందే, పదును చేయకముందే దాచే ఫైల్ అది. ఆండ్రాయిడ్‌లో 2014లో వచ్చిన 5.0 నుంచీ, ఐఫోన్‌లో 2016లో వచ్చిన ఐఓఎస్ 10 నుంచీ ఈ దారి ఉంది. నా ఫోన్‌తో వచ్చిన కెమెరాలో ఆ సెట్టింగ్ లేదు. ఓపెన్ కెమెరా అనే ఉచిత యాప్ వేసుకుని, సెట్టింగ్స్‌లో కెమెరా2 ఏపీఐ (యాప్‌కు కెమెరా మీద ఎక్కువ పట్టునిచ్చే దారి) ఎంచుకుంటే రా కనిపించింది. మొదటి ఫోటో అదే చీరది. కిటికీ పక్కన పరిచి తీసి, ఫోటోలు దిద్దే స్నాప్‌సీడ్ యాప్‌లో తెరిచాను. మొదట చప్పగా, మబ్బు పట్టినట్టు ఉంది. పెద్దది చేసి చూస్తే నీలం మీద తెలుపు ఎక్కడ పాకిందో పోగు పోగుకీ కనిపించింది. మామకు చూపించాను. ఆయన ఫోన్ కళ్లకు దగ్గరగా పట్టుకుని, "ఇగో, ఈడ కట్టు కొంచెం వదులైంది" అన్నాడు. ఫోటోలో తన కట్టును తానే గుర్తుపట్టాడు. ఆ రోజు నుంచి ఈ మధ్య దాకా ఇక్కత్‌కు రా తప్ప వేరేది వాడలేదు.

రెండో లాభం ఎరుపు. ముదురు ఎరుపు, మెరూన్ చీరలు మామూలు ఫోటోలో ఒక ముద్దగా మెరుస్తాయి, లోపల నేత కనిపించదు. మామూలు ఫోటో ఫైల్ అయిన జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. సెన్సర్ పది బిట్లదైతే రాలో 1,024 మెట్లు ఉంటాయి. అందుకని ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ తగ్గించి, అంటే వెలుగు సగం చేసి తీస్తాను, తర్వాత మెల్లగా పైకి తెస్తాను. ఎరుపు లోపలి పోగులు మిగులుతాయి. ట్యూబ్‌లైట్ కింద తీసినా వైట్ బ్యాలెన్స్, అంటే తెలుపు తెల్లగా కనపడేలా చేసే రంగుల సర్దుబాటు, తర్వాత మార్చుకోవచ్చు. మొదట్లో దానికి ప్రింటర్ కాగితం పక్కన పెట్టేవాణ్ని. ఆ కాగితంలో తెల్లగా కనపడటానికి కలిపే పదార్థం వల్ల అది కాస్త నీలంగా వస్తుంది, దాన్ని తెలుపనుకుని సరిచేస్తే చీరలు పసుపు తిరిగేవి. బూడిద రంగు కార్డు కొన్నాక ఆ ఇబ్బంది పోయింది.

ఇక జరిగిన నష్టం. రా మీద నమ్మకంతో అందరికీ "ఉన్నది ఉన్నట్టు తీస్తున్నా" అని చెప్పుకునే రోజులవి. సన్నటి నల్ల అంచున్న హాఫ్ వైట్ కాటన్ చీరను నిలువునా పరిచి, ఫ్రేమ్ నిండా వచ్చేలా తీశాను. ఆ రోజు కంప్యూటర్‌లో ఇంకో సాఫ్ట్‌వేర్‌తో తెరిచి సరిచేసి పంపాను. విజయవాడ నుంచి ఒకావిడ కూతురి సీమంతానికి తీసుకుంది. చీర చేరాక ఫోన్ చేసింది. "బాబూ, కొంగు లేత గులాబీ ఛాయ అని తీసుకున్నా. ఇది తెల్లగా ఉందే?" నాకు అర్థం కాలేదు. ఫోటో తెరిచి చూస్తే నిజంగానే కొంగు ఉన్న మూల లేత గులాబీ, నడుమ కాస్త ఆకుపచ్చ. తెల్ల బట్ట కాబట్టే అది ఛాయలా కనిపించింది. నేనెలా గమనించలేదో ఇప్పటికీ బాధగానే ఉంటుంది. సీమంతానికి నాలుగు రోజులే ఉంది. చీర వెనక్కి తెప్పించి, నిజంగా గులాబీ కొంగున్న చీర ఒకటి వెతికి పంపాను. రెండు వైపులా కొరియర్ ఖర్చు నాదే. డబ్బు కన్నా ఆవిడ పడిన టెన్షన్ నన్ను ఎక్కువ కుంగదీసింది.

ఆ రాత్రి తెల్ల గోడను రాలో తీసి చూశాను. అదే గులాబీ మూలలు, అదే ఆకుపచ్చ నడుమ. ఫోన్ లెన్స్ చాలా చిన్నది, సెన్సర్‌కు చాలా దగ్గరగా ఉంటుంది. మూలలకు వెలుగు ఏటవాలుగా పడుతుంది, అక్కడ వెలుగూ తగ్గుతుంది, రంగూ మారుతుంది. జేపెగ్ తయారుచేసేటప్పుడు ఫోన్ దీన్ని సరిదిద్దుతుంది. రాను దాచే డీఎన్‌జీ ఫైల్‌లో ఆ దిద్దుబాటు ఒక పట్టికలా పక్కన రాసి ఉంటుంది. నేను వాడిన సాఫ్ట్‌వేర్ దాన్ని చదవలేదు. స్నాప్‌సీడ్‌లో తెరిస్తే అదే ఫైల్ శుభ్రంగా ఉంది.

కాబట్టి "ఉన్నది ఉన్నట్టు" అనే మాట వదిలేశాను. రా ఇచ్చేది సెన్సర్‌కు అందింది మాత్రమే, కంటికి కనపడింది కాదు. సెన్సర్ మీద ఒక్కో చుక్క ఒక్క రంగునే పట్టుకుంటుంది, సగం చుక్కలు ఆకుపచ్చకే పోతాయి. మిగతా రంగులు పక్క చుక్కలను చూసి సాఫ్ట్‌వేర్ లెక్కగట్టాల్సిందే. ఇప్పుడు చీర ఫ్రేమ్ నడుమకే వచ్చేలా రెండడుగులు వెనక్కి జరుగుతాను, మూలలు కత్తిరిస్తాను. తెల్ల చీరలు కిటికీ వెలుగులో కంటితో సరిపోల్చుకోకుండా పంపను.

రా పేరుతో అన్ని ఫోన్లూ ఒకటే ఇవ్వవు. 2020 డిసెంబర్‌లో ఐఫోన్ 12 ప్రోలకు వచ్చిన ప్రోరా అనే ఆపిల్ రకం రా, ఫోన్ చాలా లెక్కలు ముగించాక ఇచ్చే ఫైల్. మా బావమరిది ఫోన్‌లో చూశాను, చీకట్లో చాలా బాగుంది. కానీ అది నేను వెతికే పచ్చి ఫైల్ కాదు. 48 మెగాపిక్సెల్ అని కొన్న నా ఫోన్ రాలో 12 మాత్రమే ఇస్తుంది. చీరకు అది చాలు.

రా చోటు, టైమ్ రెండూ తింటుంది. ఒక్కో ఫైల్ 24 ఎంబీ. వారానికి పాతిక చీరలు, చీరకు నాలుగు ఫోటోలంటే 2.4 జీబీ. రాత్రి వెలుగులో ఫోటో నిండా గింజల్లాంటి చుక్కలు వస్తాయి, నా చిన్న సెన్సర్‌తో సాయంత్రం ఆరు దాటితే రా తీయను. అందుకే ఈ మధ్య పద్ధతి మార్చాను. చీర మొత్తం కనపడే ఫోటో మామూలు జేపెగ్, రంగు పాకిన చోటు దగ్గరి ఫోటో రా. అది కూడా వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపుతాను, ఫోటోగా పంపితే మళ్లీ కుదించేస్తుంది. అవతలివాళ్ల స్క్రీన్ రంగులు ఎలా ఉన్నాయో నా చేతిలో లేదు, అందుకే చీరకు రంగు పేరు కూడా మాటల్లో రాస్తాను.

పిల్లల ఫోటోలకూ పెళ్లిళ్లకూ నేను రా వాడను, అవసరం పడలేదు. పట్టు జరీ చీరలు అమ్మే మా స్నేహితుడు ఆరు నెలలు చూసి మానేశాడు, జరీ మెరుపు మామూలు ఫోటోలోనే బాగా వస్తోందన్నాడు. అతని బేరానికి అదే సరి. నాది ఇక్కత్, పగటి వెలుగు, దిద్దుకోవడానికి రాత్రి ఒక గంట ఖాళీ ఉన్న ఇల్లు. అందుకే నాకు పనికొచ్చింది. ఈ దసరా లోపు ఫోన్ మార్చాలి. పాతబడిన ఇక్కత్ రుమాలు ఒకటి జేబులో పెట్టుకున్నాను. తెలిసినవాళ్ల ఫోన్ ఏది దొరికినా ముందు ఓపెన్ కెమెరా వేయించి, ఆ రుమాలును ఒకసారి, తెల్ల గోడను ఒకసారి తీసి చూస్తున్నాను.