పిల్లర్ల ఇల్లా, గోడల మీద ఇల్లా: ఏది మేలు?

2024 డిసెంబరు 4న ఉదయం ఏడున్నర కావస్తుండగా ములుగు వైపు భూమి కదిలింది. తీవ్రత 5.3. హనుమకొండలో మా వంటింటి గూట్లో గిన్నెలు ఒకదానికొకటి తగిలి మోగాయి. అప్పటినుంచి ఇల్లు కట్టాలనుకునే బంధువులంతా ఒకటే అడుగుతున్నారు: పిల్లర్లు వేయాలా, గోడల మీదే స్లాబు వేసుకోవచ్చా? ఈమధ్య మా ఇంటికీ ఇదే తేల్చుకోవలసి వచ్చింది.

గోదావరి లోయ వెంట భూమి లోపల పాత పగుళ్లున్నాయి. 1969లో భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. కాబట్టి ఇది ఊరికే భయంతో అడిగే ప్రశ్న కాదు.

పిల్లర్లు వేస్తే ఇక ఢోకా లేదని అందరి ధీమా. నాకు ఆ ధీమా లేదు. పిల్లర్‌ను నిలబెట్టేది లోపల నిలువు కడ్డీల చుట్టూ కట్టే ఇనుప రింగులు. మా తమ్ముడి ఇంటి పని దగ్గర ఒక రింగు చేతిలోకి తీసుకుని చూశాను. కొసలు లంబంగా వంచి వదిలేశారు. భూమి ఊగి పైపైన కాంక్రీటు రాలిందంటే ఆ కొసలు విచ్చుకుంటాయి, నిలువు కడ్డీలు బయటికి ఉబ్బుతాయి. కొసలు 135 డిగ్రీలు వంగి పిల్లర్ నడుమకు దిగాలి. పిల్లర్ అడుగున, తలదగ్గర కనీసం అడుగున్నర మేర రింగుకూ రింగుకూ మధ్య నాలుగంగుళాలు దాటకూడదు. కాంక్రీటు పోశాక ఇవేవీ కంటికి కనబడవు. నాకు అన్నిటికన్నా ఇదే పెద్ద విషయం.

గోడల ఇంట్లో పని కళ్లెదుటే ఉంటుంది. అక్కడ ప్రాణమంతా బ్యాండ్లలో, అంటే గోడల మీదుగా కడ్డీలు వేసి పోసే కాంక్రీటు పట్టీల్లో ఉంది. మనవాళ్లు లింటల్‌ను తలుపుల మీద, కిటికీల మీద వేసి ఆపేస్తారు. అది తెగకుండా ఇల్లంతా చుట్టి రావాలి. అప్పుడే ఊపు వచ్చినా గోడలు మూలల్లో విడిపోవు. 1993లో మహారాష్ట్రలోని కిల్లారి భూకంపంలో గోడలే కదా కూలింది అంటారు. అవి మట్టితో పేర్చిన మందపాటి రాతి గోడలు. సిమెంటుతో కట్టి, బ్యాండ్లు వేసిన ఇటుక గోడలను వాటితో కలపకూడదు.

ఒకటి, రెండు అంతస్తులకైతే నా ఓటు బ్యాండ్లున్న గోడలకే. అంతకు మించితే పిల్లర్లే, కాని ఇంజనీరు దగ్గరుండి రింగులు చూడాలి. కింద గోడల్లేకుండా పార్కింగుకు వదిలి పైన ఇళ్లు కట్టే పద్ధతి మాత్రం వద్దు. రేకుల ఇల్లు తేలిక కనుక భూకంపానికి మంచిదే, ఎండాకాలం అందులో ఉండగలిగితే.

మేము గోడలే ఎంచుకున్నాం. లింటల్ బ్యాండ్ పోసిన రోజు నేను మూలల దగ్గరే ఉన్నాను. ఈశాన్యం మూలలో కడ్డీ మలుపు దగ్గరే ఆగిపోయి ఉంది. మేస్త్రీకి చూపించి దాన్ని తీయించాను. పొడవు కడ్డీ తెప్పించి, పక్క గోడలోకి వంచి కట్టించాకే కాంక్రీటు పోయనిచ్చాను.