నాలుగు వేసవులు దాటిన ప్లేస్టేషన్ 5: వేడి, దుమ్ము, కేబుళ్ల సంగతి

ఇది సోనీ గేమ్ కన్సోల్ ప్లేస్టేషన్ 5 మొదటి తరం డిస్క్ మోడల్ మీద సమీక్ష. వెనక లేబుల్ మీద నంబరు సీఎఫ్ఐ-10తో మొదలవుతుంది. మన దేశంలో ఇది 2021 ఫిబ్రవరి 2న 49,990 రూపాయలకు వచ్చింది. 2022 చివర్లో ధర 54,990 అయింది, 2024 ఏప్రిల్లో దీని స్థానంలోకి స్లిమ్ అనే సన్నటి మోడల్ వచ్చింది. రోజుకు సుమారు రెండు గంటలు, సెలవుల్లో ఇంకాస్త ఎక్కువ, ఏసీ లేని హాల్లో, పైన సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుండగా నాలుగు వేసవులు నడిచిన పెట్టె. కొన్న వారానికి రాసే సమీక్షల్లో బొమ్మ నాణ్యత, లోడింగ్ వేగం గురించే ఉంటుంది. ఆ రెండూ మొదటి రోజు ఎలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయి కాబట్టి వాటిని ఇక్కడితో వదిలేస్తున్నాను. ఇన్నేళ్లలో తేడా తెచ్చింది పెట్టె చుట్టూ ఉన్న సంగతులే: గది వేడి, దుమ్ము, కరెంటు, కేబుళ్లు, ఖాళీ అయిపోయే స్టోరేజీ.

ముందు వేడి. ఈ పెట్టె పనిచేయాల్సిన గది ఉష్ణోగ్రత 5 నుంచి 35 డిగ్రీలని కంపెనీ పుస్తకంలోనే ఉంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గది మధ్యాహ్నం ఆ 35ని ఎప్పుడో దాటేస్తుంది. అయినా గేమ్ నెమ్మదించదు. చాలామంది పొరపడేది ఇక్కడే. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు వేడెక్కితే వేగం తగ్గించుకుంటాయి. దీని డిజైన్ వేరు. ప్రాసెసర్ వేగం గది వేడిని బట్టి కాక, ఆ క్షణంలో గేమ్ ఎంత పని చెబుతోందన్న దాన్ని బట్టి మారుతుందని దీన్ని రూపొందించిన మార్క్ సెర్నీ 2020 మార్చిలోనే వివరించారు. అంటే చలికాలంలో ఎలా ఆడుతుందో మే నెలలోనూ అలాగే ఆడుతుంది, ఆ భారమంతా ఫ్యాన్ మోస్తుంది. ఫ్యాన్ చేతనైనంత తిరిగినా చాలకపోతే తెర మీద వేడి హెచ్చరిక వస్తుంది, తరవాత పెట్టె ఆగిపోతుంది. కాబట్టి ‘గేమ్ బాగానే ఆడుతోంది కదా, వేడి సమస్య లేదు’ అనుకోకండి. నమ్మాల్సింది ఫ్యాన్ చప్పుడునే. అదే గేమ్, అదే సీను, కానీ చప్పుడు మునుపటి కంటే పెరిగిందంటే గాలి దారిలో ఏదో అడ్డం పడినట్టే.

ఈ పెట్టె ముందు వైపు అంచుల్లోంచి చల్లగాలిని లాక్కుని, వెనక నుంచి వేడిగాలిని బయటికి తోస్తుంది. టీవీ యూనిట్ అరలో పెడితే ఆ వేడిగాలి వెనక చెక్కకు తగిలి, పక్కల నుంచి తిరిగి ముందుకొచ్చి మళ్లీ లోపలికే పోతుంది. అర ముందు అద్దం తలుపు కూడా ఉంటే ఇక చెప్పక్కర్లేదు. గోడకు కనీసం 10 సెంటీమీటర్లు దూరం ఉంచాలి, తివాచీ మీద పెట్టకూడదు. మన వేసవులకు నేనైతే వెనక 20 సెంటీమీటర్లు వదలమంటాను. నిలబెట్టినా పడుకోబెట్టినా పనిచేసేలా కట్టిన పెట్టె ఇది. పిల్లలున్న ఇంట్లో పడుకోబెట్టడమే మేలు. నాలుగున్నర కిలోల బరువు పైనుంచి పడితే లోపల డిస్క్ డ్రైవ్ తట్టుకోలేదు.

దుమ్ము విషయంలో మన ఇళ్లు ఈ పెట్టెకు పరీక్షే. సీలింగ్ ఫ్యాన్ రెక్కల మీది నూగు, పరుపుల దూది, అగరొత్తుల పొగ అన్నీ కలిసి జిడ్డుపొరలా పట్టుకుంటాయి. హాల్లో పెట్టినవాళ్లు మూడు నెలలకోసారి, రోడ్డు పక్క ఇళ్లవాళ్లు రెండు నెలలకోసారి శుభ్రం చేయాలి. పెట్టెను పూర్తిగా ఆఫ్ చేసి, కేబుళ్లన్నీ తీసి, పది నిమిషాలు చల్లారనివ్వండి. స్టాండ్ తీసేసి, మెత్తటి గుడ్డ మీద పడుకోబెట్టండి. తెల్లటి పలకను వెనక మూల దగ్గర పట్టుకుని కొద్దిగా ఎత్తి, ఆ తరవాతే జరపాలి. ఎత్తకుండా గుంజితే లోపలి ప్లాస్టిక్ కొక్కేలు విరుగుతాయి. పలక తీయగానే ఫ్యాన్ కనిపిస్తుంది. దుమ్మును పట్టి ఉంచడానికే రెండు రంధ్రాలు పెట్టారు, వాటి మీద వాక్యూమ్ క్లీనర్ గొట్టాన్ని తక్కువ వేగంలో ఉంచి పీల్చాలి. రెండో వైపు పలక కూడా తీసి అంచులు తుడవాలి. ఫ్యాన్ రెక్కల మీద మెత్తని పెయింట్ బ్రష్ ఆడించవచ్చు. అప్పుడు రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి, గాలికి అది విపరీతంగా తిరిగితే బేరింగ్ పాడవుతుంది.

బ్లోయర్‌తో గాలి కొట్టడం మాత్రం వద్దు. బయటి దుమ్ము కాస్తా లోపల హీట్‌సింక్ (వేడిని లాగేసే లోహపు దిమ్మ) రేకుల మధ్యకు పోయి ఇరుక్కుంటుంది. ఇంకో హెచ్చరిక కూడా ఉంది. ఈ పెట్టెలో ప్రాసెసర్ మీద వేడిని హీట్‌సింక్‌కు అందించే మామూలు థర్మల్ పేస్ట్ ఉండదు, ద్రవ లోహం ఉంటుంది. అది కరెంటును ప్రవహింపజేస్తుంది. ‘పేస్ట్ మారుస్తాం’ అని హీట్‌సింక్ ఊడదీసే షాపులో అది బోర్డు మీద ఒక్క చుక్క పడితే బోర్డు మొత్తం పోవచ్చు. ఈ పెట్టెను ముందెప్పుడైనా విప్పారా అని అడిగి, సూటిగా జవాబు చెప్పిన చోటే ఇవ్వండి.

ఇక స్టోరేజీ. పేరుకు 825 జీబీ. వాడుకోవడానికి మిగిలేది 667. పెద్ద గేమ్‌లు ఒక్కోటి వంద జీబీ దాటుతుంటే ఐదారింటితోనే నిండిపోతుంది. వంద ఎంబీపీఎస్ కనెక్షన్ మీద వంద జీబీ దిగడానికి రెండుంబావు గంటలు, 40 మీదైతే ఐదున్నర గంటలు. చెరిపేసి మళ్లీ దింపుకోవడం మాటల్లో తేలికే గానీ చేతల్లో విసుగు. కాబట్టి 2 టీబీ ఎం.2 ఎస్ఎస్‌డీ (లోపల బిగించే చిన్న పట్టీలాంటి స్టోరేజీ) పెట్టించుకోవడమే ఈ పెట్టెకు చేయగల అన్నిటికన్నా మంచి పని. కొనేటప్పుడు నాలుగు చూడాలి. అది పీసీఐఈ అనే కనెక్షన్ పద్ధతిలో నాలుగో తరానిదై ఉండాలి. చదివే వేగం సెకనుకు 5,500 ఎంబీ లేదా అంతకు పైన ఉండాలి. హీట్‌సింక్ తప్పనిసరి. హీట్‌సింక్‌తో కలిపి మొత్తం మందం 11.25 మిల్లీమీటర్లు, వెడల్పు 25 మిల్లీమీటర్లు దాటకూడదు. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే హీట్‌సింక్‌లు కొన్ని కంప్యూటర్ల కోసం ఎత్తుగా చేసినవి, అవి పెడితే పైమూత కూర్చోదు. పొడవు 80 మిల్లీమీటర్లున్న రకం తీసుకుంటే బేరానికి ఎక్కువ రకాలు దొరుకుతాయి.

బిగించడానికి ఒకటో నంబరు ప్లస్ స్క్రూడ్రైవర్ చాలు. పెద్దది వాడితే స్క్రూ తల అరిగిపోయి ఇక ఊడిరాదు. పలక తీశాక పొడవాటి లోహపు మూత కనిపిస్తుంది, దాని స్క్రూ విప్పండి. లోపల ఒక చిన్న స్క్రూ, దాని కింద గుండ్రటి స్పేసర్ ఉంటాయి. ఆ స్పేసర్‌ను తీసి 80 అని రాసి ఉన్న రంధ్రం దగ్గర పెట్టాలి. ఎక్కువమంది మరిచేది దీన్నే. స్పేసర్ లేకుండా స్క్రూ బిగిస్తే ఎస్ఎస్‌డీ బోర్డు వంగుతుంది. హీట్‌సింక్ థర్మల్ ప్యాడ్ మీది పల్చటి ప్లాస్టిక్ పొర పీకడం ఇంకొందరు మరిచిపోతారు, అప్పుడు హీట్‌సింక్ ఉన్నా లేనట్టే. ఎస్ఎస్‌డీని కాస్త ఏటవాలుగా స్లాట్‌లోకి తోసి, కిందికి వంచి, స్క్రూ బిగించి, లోహపు మూత మళ్లీ పెట్టేయండి. ఆన్ చేయగానే ఫార్మాట్ చేయమని అడుగుతుంది, పూర్తయ్యాక చదివే వేగం చూపిస్తుంది. బాహ్య యూఎస్‌బీ డ్రైవ్ ఉంటే ప్లేస్టేషన్ 4 గేమ్‌లు దాని మీద నుంచే ఆడవచ్చు. 5 గేమ్‌లు మాత్రం దాచుకోవడానికే, ఆడాలంటే లోపలికి మార్చుకోవాలి.

ఇక టీవీ. పెట్టె సామర్థ్యం సగం పోయేది ఇక్కడే. పెట్టెతో వచ్చిన హెచ్‌డీఎంఐ కేబుల్ మంచిదే, దాన్ని పక్కన పడేసి ఐదు మీటర్ల కేబుల్ కొనకండి. కేబుల్ చాలకపోతే తెర ఒక్క సెకను నల్లబడి మళ్లీ రావడం, బొమ్మలో మిణుగురుల్లా చుక్కలు మెరవడం, సెట్టింగుల్లో 120 హెర్ట్జ్ (సెకనుకు 120 సార్లు బొమ్మ మారే మోడ్) మాయమవడం జరుగుతాయి. అలా జరిగితే పెట్టెను అనుమానించే ముందు కేబుల్ మార్చి చూడండి. చాలా టీవీల్లో నాలుగు పోర్టులున్నా హెచ్‌డీఎంఐ 2.1 వేగం రెండింటికే ఉంటుంది, అందులో ఒకటి ఈ-ఆర్క్ పోర్టే (టీవీ శబ్దాన్ని సౌండ్‌బార్‌కు పంపేది) అవుతుంది. సౌండ్‌బార్ దాన్ని ఆక్రమిస్తే గేమింగ్‌కి ఒక్కటే మిగులుతుంది. టీవీ కొనేటప్పుడే ఇది అడగాలి. సరైన పోర్టులో పెట్టినా టీవీ మెనూలో ఆ పోర్టుకు హెచ్‌డీఎంఐ ఎన్‌హాన్స్‌డ్ అనో, అలాంటి పేరుతోనో ఉన్న సెట్టింగ్ విడిగా ఆన్ చేయాలి.

ఫ్రేములు ఎగుడుదిగుడైనప్పుడు బొమ్మ చీలకుండా చూసే వీఆర్‌ఆర్ 2022 ఏప్రిల్ అప్‌డేట్‌లో వచ్చింది. అది పనిచేసేది 48 నుంచి 120 హెర్ట్జ్ మధ్యే. 30 ఫ్రేముల గేమ్‌కి దానివల్ల మార్పేమీ కనిపించదు. వెలుగునీడల తేడాను ఎక్కువగా చూపే హెచ్‌డీఆర్‌ను ‘సపోర్ట్ ఉన్నప్పుడే’ అన్న దానికి పెట్టండి, లేకపోతే మామూలు గేమ్‌లు కూడా హెచ్‌డీఆర్‌లోకి మారి రంగులు వెలిసినట్టు కనిపిస్తాయి. టీవీని గేమ్ మోడ్‌లో, టోన్ మ్యాపింగ్‌ని (టీవీ వెలుగును సర్దే సెట్టింగ్) హెచ్‌జీఐజీ అన్న ఎంపిక ఉంటే అందులో పెట్టాకే పెట్టెలోని హెచ్‌డీఆర్ సర్దుబాటు చేయాలి. ఆ వరస తప్పితే రెండుసార్లు పని. మొదటి రెండు తెరల్లో గుర్తు కనీ కనిపించని చోట ఆగాలి. బ్రైట్‌గా కావాలని ఇంకా పెంచుకుంటూ పోతే మబ్బులు, మంటలు అంతా తెల్లటి ముద్దైపోతాయి.

ధ్వని దగ్గర ఒక్క మాట. ఈ పెట్టెకు ఆప్టికల్ పోర్టు లేదు, పాత హోమ్ థియేటర్ ఉన్నవాళ్లు టీవీ ఆప్టికల్ నుంచే తీసుకోవాలి. ఈ-ఆర్క్ ఉంటే లీనియర్ పీసీఎం (కుదించని శబ్దం) ఎంచుకోండి. దాని పాత రూపమైన ఉత్త ఆర్క్ మాత్రమే ఉంటే పీసీఎం రెండు ఛానెళ్లకు కుదించుకుపోతుంది, అప్పుడు డాల్బీ పెట్టాలి. డాల్బీలో శబ్దం కాస్త ఆలస్యంగా వస్తుంది. తుపాకీ పేలాక చప్పుడు వెనకపడినట్టు అనిపించడం అందుకే. సినిమా డిస్కుల కోసం చూస్తున్నవాళ్లకి: 4కే బ్లూరే బాగా ఆడుతుంది. డాల్బీ విజన్ రాదు, ఆడియో సీడీ అసలు ఆడదు.

కరెంటు. గేమ్ ఆడేటప్పుడు దాదాపు 200 వాట్లు తీసుకుంటుంది. రోజుకు రెండు గంటలైతే నెలకు 12 యూనిట్లు. పెట్టె, 55 అంగుళాల టీవీ, రౌటర్ కలిపితే 350 వాట్లకు చేరుతుంది కాబట్టి 600 వీఏ యూపీఎస్ అంచు మీద ఉన్నట్టే. 1000 వీఏ తీసుకోండి. అది ఇచ్చే కొన్ని నిమిషాలు గేమ్ సేవ్ చేసి ఆఫ్ చేయడానికే. ఇంటి ఇన్వర్టర్ ఉంటే ప్యూర్ సైన్‌వేవ్ రకమై ఉండాలి, వెనక స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉండాలి. రెండోది లేకపోతే కరెంటు మారే ఆ రెప్పపాటులో పెట్టె ఆరిపోతుంది. కోతలెక్కువున్న ఊళ్లో రెస్ట్ మోడ్ (పూర్తిగా ఆరకుండా నిద్రలో ఉంచడం) మానేసి పూర్తిగా ఆఫ్ చేయడం మంచిది. ఉరుముల రోజున ప్లగ్గులతో పాటు డిష్ కేబుల్ కూడా పీకండి. పిడుగు దెబ్బ సెట్‌టాప్ బాక్సులోంచి హెచ్‌డీఎంఐ మీదుగా టీవీకి, అక్కణ్నుంచి పెట్టెకూ పాకగలదు.

ఇక డ్యూయల్‌సెన్స్, అంటే పెట్టెతో వచ్చే ప్యాడ్. చేతికి ఇంత బాగా అమరిన ప్యాడ్ నేను వాడలేదు. ట్రిగ్గర్లు బిగిసే తీరు వింటి నారి లాగినట్టే ఉంటుంది. బ్యాటరీ మాత్రం 1,560 ఎంఏహెచ్‌ది, వైబ్రేషన్ పూర్తిగా ఉంటే ఒక పూట. స్టిక్ దానంతటదే కదిలే డ్రిఫ్ట్ ఏ కంపెనీ ప్యాడ్‌లోనైనా రావచ్చు. స్టిక్ ఎటు వంగిందో కొలిచే లోపలి పొటెన్షియోమీటర్‌లో కార్బన్ పట్టీ మీద తీగ రాసుకుంటూ ఉంటుంది, ఆ పట్టీ అరుగుతుంది, లేదా దుమ్ము చేరుతుంది. ముందుగా వెనక ఉన్న సన్నని రంధ్రంలో పిన్నుతో ఐదు సెకన్లు నొక్కి రీసెట్ చేయండి. ఆ తరవాత యూఎస్‌బీతో మళ్లీ జత చేయండి. తగ్గకపోతే స్టిక్ మాడ్యూల్ మార్చడమే. దానికి టంకం పని బాగా వచ్చిన చేయి కావాలి, ఎందుకంటే ఒక్కో మాడ్యూల్‌కి పది పైన కాళ్లుంటాయి.

అమెరికా నుంచి అన్నయ్యో బావగారో తెస్తే చవక అనుకునేవాళ్లు కొన్ని చూసుకోవాలి. వెనక లేబుల్ మీద 100–240 వోల్టులని ఉందో లేదో చదవాలి. వారంటీ ఇక్కడ చెల్లదు. గేమ్ డిస్కులకు ప్రాంతం అడ్డు లేదు గానీ, అదనపు కంటెంట్ డిస్కు ఏ ప్రాంతానిదో ఆ ప్రాంతపు ఖాతాలోనే కొనాలి. బ్లూరే సినిమా డిస్కులకు అమెరికాది ‘ఏ’ (A) ప్రాంతం, మనది ‘సీ’ (C). మన డిస్కులు అందులో ఆడకపోవచ్చు. 4కే డిస్కులకు ఆ బాధ లేదు.

చేతులు మారిన పెట్టె కొంటుంటే ఇంటికెళ్లి, మీ ఎదుటే పెద్ద గేమ్ ఒకటి నలభై నిమిషాలు ఆడించమనండి. ఐదు నిమిషాల్లో ఏదీ బయటపడదు. వెనక్కి చెయ్యి పెట్టి గాలి బలంగా వస్తోందా చూడండి. డిస్కు పెట్టి, తీసి, మళ్లీ పెట్టండి. హెచ్‌డీఎంఐ కేబుల్ మొనను మెల్లగా కదిపి చూడండి, బొమ్మ ఆరితే పోర్టు టంకం వదులైనట్టే. పలక తీయించి లోపల తుప్పు చారలున్నాయా చూడండి. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్ల పెట్టెలకు ఇది తప్పనిసరి. ఆఖరుగా అమ్మేవారి ఖాతా తీసేయించి, ఫ్యాక్టరీ రీసెట్ చేయించి, మీ ఖాతాతో స్టోర్‌లోకి వెళ్లి చూడండి. నెట్‌వర్క్ నుంచి నిషేధించిన పెట్టె అయితే అది అప్పుడే తెలుస్తుంది, డబ్బు ఆ తరవాతే ఇవ్వండి.