స్లీప్‌లోకి పోయి లేవని పాత డెస్క్‌టాప్‌లకు బాలాజీ కాలనీలో ఒక షాపు

కీబోర్డు నొక్కితే ఫ్యాను తిరుగుతుంది, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. తిరుపతిలో ఏ షాపులో ఈ మాట చెప్పినా ఎక్కువగా వినబడే జవాబు ‘ఫార్మాట్ కొట్టేద్దాం సార్’. బాలాజీ కాలనీలోని ఈ చిన్న షాపులో మాత్రం ముందు క్యాప్స్‌లాక్ నొక్కి చూస్తారు. దీపం వెలిగి ఆరుతుంటే మిషను లేచినట్టే, తెరకు బొమ్మ పంపించే సాఫ్ట్‌వేర్, అంటే గ్రాఫిక్స్ డ్రైవరే లేవలేదు. దీపం కదలకపోతే అప్పుడు క్యాబినెట్ విప్పుతారు. ఈ షాపుకి అయిదుకి నాలుగు మార్కులు ఇచ్చింది అందుకే.

విప్పాక మొదట చూసేది ఎస్ఎంపీఎస్ (పీసీకి కరెంటు అందించే పెట్టె) ఊదారంగు వైరు. 24 పిన్నుల కనెక్టర్లో 9వది. స్లీప్‌లో ప్రాసెసరు ఆగిపోయినా ర్యామ్‌లో ఉన్నది చెరిగిపోకుండా నిలిపేది ఈ 5 వోల్టుల స్టాండ్‌బై సరఫరానే. 4.75కీ 5.25కీ మధ్య ఉండాలి. పీసీ ఆఫ్ చేసినా, ప్లగ్గులో ఉన్నంతసేపూ ఈ భాగం పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి దీని కెపాసిటర్లు త్వరగా ఎండిపోతాయి. మన ఊరి మే నెల సంగతి చెప్పక్కర్లేదు. ఊరికే కొలిస్తే 5 చూపించి మోసం చేస్తుంది. వీళ్లు మల్టీమీటర్‌ను మిన్-మ్యాక్స్‌లో (అతి తక్కువ, అతి ఎక్కువ కొలతలు గుర్తుంచుకునే పద్ధతి) పెట్టి, స్లీప్‌లోకి పంపి, లేపుతూ కొలుస్తారు. వోల్టేజి పడిపోయేది అప్పుడే. అలా పడిపోతే కెపాసిటర్ల జోలికి పోకుండా ఎస్ఎంపీఎస్సే మార్చమంటారు. సరైన సలహా, ప్లగ్గు తీసినా లోపలి పెద్ద కెపాసిటర్‌లో చార్జి నిలిచి ఉంటుంది, ఇంట్లో విప్పే వస్తువు కాదది.

మదర్‌బోర్డు మీది నాణెంలాంటి సీఆర్2032 సెల్లు కూడా అడక్కుండానే చూస్తారు. అది అయిపోతే ప్లగ్గు తీసినప్పుడల్లా బయోస్ (బోర్డులోనే ఉండే మొదటి సాఫ్ట్‌వేర్) సెట్టింగులు మొదటికొస్తాయి, కొన్ని పాత బోర్డుల్లో ఎస్3 (ర్యామ్ తప్ప దాదాపు అన్నీ ఆగే గాఢ నిద్ర) పోయి ఎస్1 (తేలిక నిద్ర) వచ్చి కూర్చుంటుంది. ఎస్1లో ఫ్యాను ఆగదు. జనం దాన్నీ స్లీప్ చెడిపోయిందనే అనుకుంటారు.

సాఫ్ట్‌వేర్ దగ్గరే ఒక మార్కు తగ్గించాల్సి వచ్చింది. సీ డ్రైవ్‌లో జాగా మిగులుతుందని చెప్పకుండానే విండోస్‌లో హైబర్నేట్ (తెరిచి ఉన్న పనిని డిస్కులో దాచి ఆపేయడం) తీసేస్తున్నారు. దాంతో పనిని ర్యామ్‌తో పాటు డిస్కులోనూ దాచే హైబ్రిడ్ స్లీప్ కూడా పోతుంది. యూపీఎస్ లేని ఇంట్లో స్లీప్‌లో ఉండగా కరెంటు పోతే తెరిచి ఉన్న పనంతా గోవిందా. ఇంటికి తెచ్చాక అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో ‘పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ హెచ్ ఆన్’ (powercfg /h on) కొట్టి, పవర్ ఆప్షన్లలో హైబ్రిడ్ స్లీప్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. రాత్రిపూట తనంతట తనే లేచే పీసీలకైతే స్లీప్‌నే ‘నెవర్’ చేసి పంపుతున్నారు, అది రిపేరు కాదు. లేచిన వెంటనే ‘పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ లాస్ట్‌వేక్’ (powercfg /lastwake) అడిగితే ఎవరు లేపారో తరచుగా తెలుస్తుంది. నెట్‌వర్క్ కార్డు పేరొస్తే డివైస్ మేనేజర్‌లో దాని పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌కి వెళ్లి, కంప్యూటర్‌ను లేపే అనుమతికి టిక్కు తీసేస్తే చాలు.

లైనక్స్ వేసుకున్నవాళ్లు ఇక్కడ హార్డ్‌వేర్ వరకే చూపించుకోండి.

సీపీయూతో పాటు మీ పవర్ కేబుల్, మీ కీబోర్డు కూడా పట్టుకెళ్లండి. కొన్ని యూఎస్‌బీ కీబోర్డులు వాటంతటవే స్లీప్ నుంచి లేపలేవు, షాపు కీబోర్డుతో బాగానే లేచి ఇంటికొచ్చాక మొరాయిస్తుంది.