లాయర్ ఫీజు: గంటల లెక్కా, గుత్తగానా?

లాయర్‌తో ఫీజు మాట్లాడేటప్పుడు చాలామంది ముందు అంకె దగ్గరే ఆగిపోతారు. దానికన్నా ముందు చూడాల్సింది, పని ఎప్పుడు ముగుస్తుందో తేల్చేది ఎవరన్నది.

వీలునామా, కంపెనీ రిజిస్ట్రేషన్, ట్రేడ్‌మార్క్ దరఖాస్తు, ఇద్దరూ ఒప్పుకున్న విడాకులు లాంటివాటిలో ఏ అడుగు తర్వాత ఏ అడుగో లాయర్‌కి ముందే తెలుసు. వీటికి గుత్తగా, అంటే మొత్తం పనికి ఒకే ధర చెప్పకుండా, గంటల లెక్క అడిగే లాయర్‌ని నేనైతే వదిలేస్తాను. పది సార్లు చేసిన పనికి ఎంత శ్రమ పడుతుందో చెప్పలేకపోతే ఆ అనిశ్చితి ఖర్చు క్లయింట్ ఎందుకు మోయాలి?

గంటల లెక్కలో అసలు చిక్కు మోసం కాదు. చాలా ఆఫీసులు గంటను ఆరేసి నిమిషాల ముక్కలు చేసి బిల్లు వేస్తాయి. రెండు నిమిషాల ఫోన్ కూడా ఆరు నిమిషాల కింద పడుతుంది. దాంతో క్లయింట్ ఫోన్ చేయడం మానేస్తాడు. చెప్పాల్సిన విషయం చెప్పడు, అది ఎదుటి పక్షం నోట బయటపడుతుంది. పైగా చురుగ్గా పనిచేసే లాయర్‌కి ఇందులో నష్టమే. 2024లో అమెరికన్ బార్ అసోసియేషన్ (అక్కడి లాయర్ల సంఘం) ఏఐ వాడకంపై ఇచ్చిన అభిప్రాయంలో ఇది సూటిగా కనిపిస్తుంది: గంటల లెక్కన తీసుకునేవారు నిజంగా వెచ్చించిన సమయానికే బిల్లు వేయాలి. అంటే సాఫ్ట్‌వేర్ పని తగ్గించేకొద్దీ బిల్లూ తగ్గాలి.

అలాగని గుత్త ఫీజు పుణ్యకార్యమేమీ కాదు. గుత్తకు ఒప్పుకున్న మేస్త్రీ పని ఎంత త్వరగా ముగించేద్దామా అని చూసినట్టే, ఇక్కడా తొందరగా రాజీ చేసుకోమనడం, ఫైలు జూనియర్‌కి అప్పగించేయడం జరగొచ్చు. "మొత్తం కేసుకి ఇంత" అన్న మాటలో ఆ "మొత్తం" ఎక్కడిదాకానో రాసుకోకపోతే గొడవ ఖాయం. డ్రాఫ్టు ఎన్నిసార్లు మారుస్తారు, కోర్టు ఫీజులు ఇందులో కలిసినవేనా, అప్పీలుకి వెళ్తే వేరేనా అన్నవి కాగితం మీద ఉండాలి.

కోర్టులో గట్టిగా కొట్లాడే దావాల్లో మాత్రం రెండూ ఇరుకే. అక్కడ వేగం ఎదుటి పక్షం చేతిలో, జడ్జి చేతిలో ఉంటుంది. వాళ్లు పిటిషన్ మీద పిటిషన్ వేస్తుంటే గుత్తకు ఒప్పుకున్న లాయర్ నలిగిపోతాడు, గంటల లెక్కైతే క్లయింట్ నలుగుతాడు. నా ఓటు దశలవారీ ఫీజుకి: దావా దాఖలుకి ఇంత, సాక్ష్యం దశకి ఇంత, వాదనలకి ఇంత. ఊహించని పిటిషన్లు వస్తే వాటికి మాత్రం గంటల లెక్క, అదీ ఒక గరిష్ఠ పరిమితితో.

గుత్త ఫీజుకి మారాలనుకునే లాయర్లకి ఒక మాట: బిల్లు కోసం కాకపోయినా గంటలు రాసుకోవడం ఆపకండి. ఆ లెక్క లేకుండా చెప్పే ధర ఊహే. క్లయింట్ మధ్యలో వేరే లాయర్ దగ్గరికి వెళ్తే ఎంత తిరిగివ్వాలో తేలేదీ ఆ లెక్కతోనే. ముందుగా మొత్తం తీసుకున్నా, చేయని పనికి తీసుకున్న డబ్బు తిరిగివ్వాల్సిందే. ఆ షరతు ఒప్పందంలో లేకపోతే సంతకం పెట్టకముందే రాయించుకోండి.